వాసన

నెల్లూరులో మూడ్రోజుల ట్రైనింగు.
పిల్లలతో ఎట్టా కలిసిపోవాలో నేర్పించారు మాకు:
నవ్వుతూ లోపలికి రావాలి,
కళ్ళలోకి చూడాలి, పేరు పెట్టి పిలవాలి.
ఒక ఫైలు, ఒక పెన్ను, సంతకానికి రెండొందల బత్తా.

సోమవారం కావలి ఐటీఐలో
నవ్వుతూ లోపలికి పోయాను.
"సార్‌కి పన్ను నొప్పంట" అన్నారెవరో వెనక బెంచీలో.
క్లాసంతా నవ్వింది.
ట్రైనింగు మొత్తంలో ఆ మాత్రం నవ్వు ఎవరికీ రాలేదు.

పేర్లు పిలిచాను.
పుట్టా ఏసోబు. మన్నేపల్లి గురవయ్య. షేక్ గౌసియా,
ఎలక్ట్రీషియన్ ట్రేడులో ఒక్కతే ఆడపిల్ల,
టెస్టరు జడలో దోపుకొని కూచుంటుంది.
పదిహేడో నంబరు, దామవరపు పెంచల నరసింహం,
పలకలేదు.
డెస్కు మీద చెంప, నోరు కాస్త తెరుచుకొని,
చొక్కా నిండా ఉప్పుచెరువు వాసన.
పేరు పెట్టే పిలిచాను. కళ్ళలోకి చూద్దామంటే
అవి మూసుకొనున్నాయి.
సుద్దముక్క విసిరాను.
ఫైల్లో ఆ సంగతి రాసి లేదు.

లేచి నిలబడ్డాడు. ఏమీ అనలేదు.
నేను బోర్డు వైపు తిరిగి త్రీ ఫేజ్ మోటారు గీశాను,
ఇరవై రెండేళ్ళుగా గీస్తున్న బొమ్మే.
"ఒక ఫేజు పోతే ఏమవుతుంది?"
అడగడానికి అడిగే ప్రశ్న,
జవాబు కూడా నేనే చెప్పుకునే ప్రశ్న.

"మూలుగుద్ది సార్" అన్నాడు పదిహేడు, నిద్రగొంతుతో.
"మూలిగి మూలిగి వాసనొస్తది.
వార్నిష్ కాలితే ఒక వాసన,
బేరింగులో ఉప్పునీళ్ళు దూరితే ఇంకో వాసన.
కమ్మగా వస్తే కాయిలు పోయినట్టే.
తుప్పు కంపయితే ఇంకో పావుగంట టైముంటది.
ఈలోపు తిరక్కపోతే రొయ్య పైకొచ్చేస్తది సార్,
తెల్లారేపాటికి గట్టెంబడి ఎర్రగా."

ఇస్కపల్లి చెరువుల కాడ పదకొండు ఏరియేటర్లు,
రాత్రి పది నుంచి ఆరు దాకా, టార్చిలైటు నోట్లో పెట్టుకొని.
ఇది గురవయ్య చెప్పాడు. వాడు చెప్పలా.
చేరి మూణ్ణెల్లయ్యింది, ఎవరూ అడగలా,
నాతో సహా.

నా దగ్గర మెగ్గరుంది, మల్టీమీటరుంది,
పదహారు అధ్యాయాల సిలబస్సుంది.
ముక్కుందని గుర్తు లేదు.
వంగి సుద్దముక్క వెతుక్కున్నాను, సగమే దొరికింది,
వాడి చేతిలో పెట్టాను.
ఏం చెయ్యాలో తెలీక దాన్నే చూస్తా నిలబడ్డాడు.
నేను వాడి చోట కూచున్నాను.
బెంచీ ఇంకా వెచ్చగా ఉంది.

"బో చిన్నగా రాస్తుండావు, కనపడట్లా" అంది గౌసియా.
పెద్దగా రాశాడు.
వార్నిష్ అన్న మాటలో రెండు తప్పులు.
దిద్దలేదు.

తర్వాత అంతా మారిపోయిందని చెప్పను.
ఏసోబు మార్చిలో మానేశాడు. రెండుసార్లు ఫోను చేశాను, తీయలేదు.
పదిహేడు ఇప్పటికీ నిద్రపోతాడు;
థియరీని మధ్యాహ్నానికి జరిపాను,
ప్రిన్సిపాలు అడిగితే కరెంటు కోతన్నాను.
హాజరు పిలిచేటప్పుడు మాత్రం
పేరు తర్వాత ఒక మాట అడుగుతున్నాను:
రాత్రి ఎన్ని ఆగినయ్యి?
మీ అమ్మ మోకాలు ఎట్టుంది?
ఇంటర్వ్యూకి చొక్కా దొరికిందా?
పట్టీ అయ్యేసరికి అరగంట పోతుంది.
పోనీ లేబ్బా.

మొన్న రాత్రి రెండుంబావుకి ఫోను.
"సార్, నాలుగో నంబరు పట్టుకోవట్లా.
స్టార్టరు టకటకమంటుంది."
మంచం మీద లేచి కూచున్నాను.
ఫోన్లో గాలి, నీళ్ళ చప్పుడు,
తిరుగుతున్న పది చక్రాల మోత.
ఏ అధ్యాయంలో ఉందా అని మనసులో తిరగేసి తిరగేసి
"వాసనేమన్నా వస్తుందా నరసింహం?" అన్నాను.

"ఆగండి సార్" అన్నాడు.

అక్కడ వాడు గట్టిగా పీల్చాడు.
కావలిలో, చీకట్లో,
నేనూ పీల్చాను.